మాటలు వాటంతట అవే రానప్పుడు

తెలుగులో పిల్లలకు మాటలు ‘వస్తాయి’. పళ్లు వచ్చినట్టే, నడక వచ్చినట్టే, మాటలు కూడా వేళకు వాటంతట అవే వస్తాయని మన భాషే చెబుతుంది. చాలామంది పిల్లల విషయంలో అది నిజం కూడా. నెలల వయసులో ‘ఉంగా ఉంగా’ అన్న పాప ఏడాదికి ‘అత్త, తాత’ అంటుంది. రెండేళ్లకు ‘అమ్మా బువ్వ’ అని రెండు మాటలు కలుపుతుంది. మూడేళ్లు నిండేసరికి ప్రశ్నలతో ఇల్లంతా తనదే. అందుకే రెండున్నరేళ్ల పిల్లవాడు నోరు విప్పకపోతే ఇంట్లో వినిపించే మొదటి ఓదార్పు ‘వస్తాయిలే’. మేనమామకు నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదని ఒకరంటారు. మగపిల్లలకు ఆలస్యమేనని ఇంకొకరు. వస కొమ్ము అరగదీసి నాకించమని మరొకరు.

ఆ మాటల వెనుక ఉన్నది ప్రేమే. కానీ ఆ ప్రేమ వల్లే ఎందరో పిల్లలకు దొరకాల్సిన సాయం రెండేళ్లు, మూడేళ్లు ఆలస్యమవుతోంది. మాటలు రాకపోవడానికి కారణాలేమిటి, స్పీచ్ థెరపీ ఎవరికి ఎంత పనిచేస్తుంది, ఏది పనిచేయదు, తెలుగు పిల్లలకు అది అందాలంటే ఏం మారాలి అన్న ప్రశ్నలకు ఇప్పటిదాకా తేలిన జవాబులను ఒకచోట చేర్చి చూడటమే ఈ వ్యాసం పని. అలా చూసినప్పుడు ఒక సంగతి మళ్లీమళ్లీ ఎదురవుతుంది. థెరపీ గదిలో మొదలైనా పండేది ఇంట్లోనే. దాని గురి కూడా ‘మాట తెప్పించడం’ ఒక్కటే కాదు, పిల్లల్ని మనుషులతో మాట కలిపేలా చేయడం.

ఒకే పేరు, అనేక ఇబ్బందులు

‘మా వాడికి మాట సరిగా లేదు’ అన్న ఒక్క ఫిర్యాదు కింద ఎన్నో వేర్వేరు సమస్యలుంటాయి. ఒక బాబు ‘కుక్క’ను ‘తుక్క’ అంటాడు. అతనికి భాష ఉంది, పలుకు తిరగడం లేదు. ఒక పాప పలుకు స్పష్టమే, కానీ అయిదేళ్లొచ్చినా ‘నేను వచ్చాడు’ అంటుంది, రెండు పనులు కలిపి చెబితే ఒకటే చేస్తుంది. ఆమెకు పలుకు ఉంది, భాష అల్లుకోవడం లేదు. మరొకరికి రెండూ ఉన్నాయి గానీ ధార తెగుతుంది, అదే నత్తి. ఇంకొకరు వాక్యాలకు వాక్యాలు అప్పజెప్పగలరు, కానీ ఎదుటి మనిషితో ముచ్చట సాగించలేరు. గ్రహణమొర్రితో పుట్టి అంగిలి చీలిన పిల్లలకు గాలి ముక్కులోంచి పోయి ‘ప, బ, ట, క’లు బలంగా పలకవు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు చెప్పాల్సింది మనసులో ఉంటుంది, నోటి కండరాలు సహకరించవు.

వీరి సంఖ్య తక్కువేమీ కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలోని అయిదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు దాదాపు 4,000 మందిని పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. వినికిడి, మాట, ఆటిజం, బుద్ధిమాంద్యం, మూర్ఛ వంటి తొమ్మిది రకాల ఎదుగుదల సమస్యల్లో కనీసం ఒకటి ఉన్న పిల్లలు సుమారు 12 శాతం ఉన్నారని అది తేల్చింది. అంటే ఎనిమిది మందిలో ఒకరు.

వీటిలో అన్నిటికన్నా తక్కువగా కంటపడేది భాషాభివృద్ధి లోపం. చెవి బాగుంటుంది, బుద్ధిమాంద్యం ఉండదు, ఆటిజం ఉండదు, అయినా భాష ఒంటబట్టదు. ఇంగ్లండ్‌లో బడిలో చేరే వయసు పిల్లల మీద 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఇలాంటి వారిని దాదాపు 7.5 శాతంగా లెక్కగట్టింది. ముప్ఫై మంది తరగతిలో ఇద్దరన్నమాట. డొరతీ బిషప్ వంటి పరిశోధకుల చొరవతో 2017లో నిపుణులు ఈ లోపానికి ఒక ఉమ్మడి పేరు ఖాయం చేశారు. మన తరగతి గదుల్లో మాత్రం ఆ ఇద్దరికీ ఇప్పటికీ ఉన్న పేర్లు ‘మొద్దు’, ‘చెప్పిన మాట వినడు’.

మొదట చెవి చూడాలి

కారణం ఏదై ఉంటుందని అనిపించినా మొదటి మెట్టు వినికిడి పరీక్షే. పాక్షికంగా వినబడే పిల్లవాడు తలుపు చప్పుడుకు తిరుగుతాడు, పిలిస్తే చూస్తాడు. దాంతో ఇంట్లోవాళ్లు చెవి బాగుందనుకుంటారు. మెత్తటి హల్లులు అతనికి చేరడం లేదని ఎవరికీ తోచదు. ఓఏఈ, బేరా పరీక్షలు పసికందు నిద్రపోతుండగానే ఈ సంగతి చెప్పేస్తాయి.

చాలా దేశాల్లో పాటిస్తున్న లెక్క ఒకటి, మూడు, ఆరు. పుట్టిన నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషన్, శిక్షణ. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లో 150 మంది వినికిడి లోపమున్న పిల్లల ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలల్లోపు లోపం గుర్తించిన పిల్లల భాష, ఆ తర్వాత గుర్తించిన వారి భాష కన్నా స్పష్టంగా మెరుగ్గా ఉంది. ఈ రంగంలో ఇంత సూటిగా దారి చూపిన ఫలితాలు కొన్నే ఉన్నాయి.

మనకు ఇది మరీ దగ్గరి విషయం. మేనరికాలు తరతరాలుగా సాగిన సమాజం మనది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్ల వల్ల పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యశాస్త్రం ఏనాడో రుజువు చేసింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదింటి చిన్నారులకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లను తన పరిధిలోకి తెచ్చింది. అది నిజంగా పెద్ద అడుగు. అయితే ఆపరేషన్‌తో వచ్చేది శబ్దం మాత్రమే. ఆ శబ్దాన్ని ‘అమ్మ’గా, ‘అన్నం’గా గుర్తుపట్టడం ఆ తర్వాత నెలలు, ఏళ్లు సాగే శిక్షణతోనే వస్తుంది. ఊరికి దూరమనో, కూలి పోతుందనో శిక్షణ మధ్యలో ఆగిపోతే లక్షల విలువైన పరికరం చెవి వెనుక అలంకారంగా మిగిలిపోతుంది.

ఎంతవరకు ఆగవచ్చు?

‘వస్తాయిలే’ అన్నమాటలో కొంత నిజముంది. రెండేళ్లకు 50 మాటలైనా లేక, రెండు మాటలు కలపలేని పిల్లల్లో చాలామంది ఆ తర్వాత తోటివారిని అందుకుంటారు. అందుకునేదెవరో, అందుకోలేనిదెవరో ముందే ఖచ్చితంగా చెప్పడం కష్టం. కొన్ని గుర్తులు మాత్రం దారి చూపుతాయి. చెప్పింది అర్థం కావడం కూడా తక్కువగా ఉంటే, చేత్తో చూపించడం, టాటా చెప్పడం వంటి సైగలు లేకపోతే, కుటుంబంలో ఇలాంటి ఇబ్బంది ఇంతకుముందు ఉంటే ఆగకూడదు. ఏడాదికి ‘బబబ, దదద’లు గానీ సైగలు గానీ లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట లేకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాట పోయినా వెంటనే చూపించాలి. ఆడపిల్లలు మగపిల్లల కన్నా ముందు మాట్లాడేది నిజమే, కానీ ఆ తేడా నెలల్లో ఉంటుంది, ఏళ్లలో కాదు.

చూపించినంత మాత్రాన పిల్లవాడికి ముద్ర పడదు. చూపించాక అవసరం లేదని తేలితే పోయేది ఒక పూట. చూపించకుండా ఆగితే పోయేది మెదడు భాషను అతి సులువుగా పట్టుకునే కాలం.

ఏది పనిచేస్తోంది?

జేమ్స్ లా బృందం 2003లో చేసిన కాక్రేన్ సమీక్ష ఈ ప్రశ్నకు మంచి పునాది వేసింది. వేర్వేరు దేశాల ప్రయోగాలను ఒకచోట తూచి చూసి, పలుకు దోషాలకు, పదసంపద పెంచడానికి థెరపీ పనిచేస్తోందని తేల్చింది. అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల విషయంలో ఆధారం బలహీనంగా ఉందని కూడా దాచకుండా చెప్పింది. ఆ సమీక్షలోని మరో సంగతి ఇంకా విలువైనది. శిక్షణ పొందిన తల్లిదండ్రులు చేసిన సాధనకూ, థెరపిస్టు స్వయంగా చేసిన సాధనకూ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పలుకు దోషాల్లో బాగా నిలిచిన పద్ధతుల్లో ఒకటి జంట మాటలది. ‘క’ బదులు ‘త’ పలికే బాబు ముందు కాళ్ల బొమ్మ, తాళ్ల బొమ్మ పెడతారు. అతను ‘తాళ్లు’ అంటే తాళ్ల బొమ్మే చేతికిస్తారు. తాను కోరింది కాళ్లు, వచ్చింది తాళ్లు. ఒక్క అక్షరం మారితే అర్థమే మారిపోతుందని చెవికి, మనసుకు ఒకేసారి తెలుస్తుంది. కల–తల, కారు–తారు వంటి జంటలు తెలుగులో ఎన్నో. వీటికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు.

భాష ఆలస్యమైన పిల్లలకు చేసే సాయం ఇంకా ఇంటిపట్టునే ఉంటుంది. 18 అధ్యయనాలను కలిపి 2011లో రాబర్ట్స్, కైజర్ చేసిన విశ్లేషణ, తల్లిదండ్రుల చేత చేయించిన థెరపీ పిల్లల భాషను మెరుగుపరుస్తుందని చూపింది. అందులో తల్లి నేర్చుకునేది పెద్ద విద్యేమీ కాదు. ‘ఇదేంటి? చెప్పు, చెప్పు’ అని పరీక్ష పెట్టడం మానడం. పిల్లవాడు చూస్తున్నదాన్నే తానూ చూడటం. అతను ‘బండి’ అంటే ‘ఆఁ, పెద్ద బండి వచ్చింది’ అని ఒక మెట్టు పెంచి తిరిగి ఇవ్వడం. ఆ తర్వాత అతని వంతు కోసం నోరు మూసుకుని కాసేపు ఆగడం. అన్నిటిలోకీ కష్టమైనది ఆ ఆగడమే.

నత్తి సంగతి వేరు. సుమారు 5 శాతం పిల్లలకు బాల్యంలో ఎప్పుడో ఒకప్పుడు నత్తి వస్తుంది. ప్రతి నలుగురిలో ముగ్గురికి అది పోతుంది, పెద్దయ్యాక మిగిలేది సుమారు ఒక శాతం. నత్తి గురించి పిల్లల ముందు ఎత్తితేనే అది ముదురుతుందన్న భయం చాలాకాలం నిపుణులను కూడా పట్టి ఉంచింది. ఆ ఊహను పరీక్షించడానికే 1939లో అమెరికాలోని అయోవాలో 22 మంది అనాథ పిల్లల మీద ప్రయోగం చేశారు. చక్కగా మాట్లాడే పిల్లలకు కూడా ‘నీ మాట బాగాలేదు’ అని పదేపదే చెప్పారు. పిల్లలకు నత్తి పట్టుకుందని తేలలేదు గానీ, వారు ముడుచుకుపోయారు, మాట్లాడటానికి జంకారు. ఆ ప్రయోగానికి అయోవా విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పుకుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన లిడ్‌కోమ్ పద్ధతి ఆ భయానికి ఎదురు దిశలో నడిచింది. రోజూ కాసేపు ఆటలో తల్లో తండ్రో పిల్లవాడి సాఫీ మాటను మెచ్చుకుంటారు, నత్తి వచ్చినప్పుడు చాలా తక్కువసార్లు, సున్నితంగా ఆ మాట గుర్తు చేస్తారు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ప్రయోగంలో ఇది స్పష్టమైన ఫలితమిచ్చింది. హాని చేసేది నత్తి గురించి మాట్లాడటం కాదు, దాన్ని చూపించి సిగ్గుపరచడం.

ఆటిజంలో కూడా దారి తల్లిదండ్రుల మీదుగానే సాగుతోంది. బ్రిటన్‌లో 152 మంది పిల్లలతో చేసిన ప్యాక్ట్ ప్రయోగంలో తల్లిదండ్రులు తమ బిడ్డతో ఆడుకున్న వీడియోలను థెరపిస్టుతో కలిసి చూసుకుంటారు. బిడ్డ ఇచ్చిన చిన్న సంకేతాన్ని ఎక్కడ అందుకున్నారో, ఎక్కడ జారవిడిచారో గమనిస్తారు. దాని ప్రభావం ఏళ్ల తర్వాత కూడా కొంత నిలిచిందని 2016లో తేలింది. అదే ఏడాది మనకు మరింత పనికొచ్చే ఫలితం గోవా, రావల్పిండిల నుంచి వచ్చింది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇదే పద్ధతిని 65 కుటుంబాలతో నడిపిస్తే, తల్లిదండ్రుల తీరు మారింది, పిల్లలు తామై మాట కలపడం పెరిగింది. అన్ని కొలతల్లోనూ మెరుగుదల రాలేదు. అయినా డాక్టర్లు అందుబాటులో లేని ఊళ్లకు ఇది నిజమైన ఆశ.

ఆటిజం ఉన్న పిల్లవాడు ‘నీళ్లు కావాలా?’ అన్న తల్లి ప్రశ్ననే తిరిగి అప్పజెబితే చాలామంది దాన్ని అర్థంలేని చిలకపలుకు అనుకుంటారు. 1980ల నాటి పరిశోధనలే దానికి అర్థముందని చూపాయి. ‘నాకు నీళ్లు కావాలి’ అని అతను అలా అడుగుతున్నాడు. ఆ అడగడాన్ని గుర్తించి నీళ్లందించడమే థెరపీకి మొదటి అడుగు.

నోటితో కాకపోయినా

‘బొమ్మల కార్డులు, ట్యాబ్ అలవాటు చేస్తే ఇక మాట్లాడడేమో’ అని తల్లిదండ్రులు భయపడతారు. ఈ భయానికి ఆధారం దొరకలేదు. 2006లో ప్రచురితమైన ఒక సమీక్షలో గట్టి ఆధారం ఉన్న 27 కేసుల్లో ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, 89 శాతం మందికి పెరిగింది. ఆకలి, నొప్పి, అయిష్టం తెలిపే దారి ఒకటి దొరికితే పిల్లల కోపం, విసుగు తగ్గుతాయి. మాటకు కూడా చోటు దొరుకుతుంది.

చెవిటి పిల్లలకు సంజ్ఞాభాష విషయమూ ఇంతే. వినికిడి మిషన్ పెట్టాక చేతులు కట్టేయాలన్న పట్టుదల ఒకప్పుడు బలంగా ఉండేది. ఇంప్లాంట్ అందరికీ సమానంగా పనిచేయదు. అది పనిచేసేదాకా పిల్లల్ని ఏ భాషా లేకుండా ఉంచితే జరిగే నష్టం పూడ్చలేనిది. భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. దాని నిఘంటువు 2021కి 10,000 పదాలకు చేరింది.

పనిచేయనివి

కుటుంబాల డబ్బును, కాలాన్ని తినేవాటిని కూడా చెప్పుకోవాలి. నోటితో బుడగలు ఊదించడం, నాలుకతో కసరత్తులు, బుగ్గలకు మర్దన వంటివి ఎన్నో క్లినిక్‌లలో నడుస్తున్నాయి. మాట లేకుండా చేసే ఈ కసరత్తులు పలుకును బాగుచేస్తాయనడానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదు. మాట నేర్చుకోవాలంటే మాటతోనే సాధన చేయాలి. నాలుక కింద తీగ కత్తిరిస్తే మాటలొస్తాయన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. పాలు తాగడానికి అడ్డమైతే అది వేరే సంగతి. ఆటిజం పిల్లల చేయి పట్టుకుని అక్షరాల మీద కదిలించి ‘వాడే రాశాడు’ అనే పద్ధతి 1990లలోనే పరీక్షలకు నిలవలేదు. ఆ రాతలు పట్టుకున్నవారివేనని తేలింది.

వస సంగతి మన ఇళ్లదే. గలగలా మాట్లాడే పిల్లల్ని ‘వసపిట్ట’ అంటాం, ఆ మాటలో ముద్దు ఉంది. కానీ వస కొమ్ముతో మాటలు వస్తాయని చూపిన పరీక్ష లేదు. అందులోని బీటా అసరోన్ అనే పదార్థం వల్ల అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో వాడటం నిషేధించింది. ముద్దుమాటను నిలుపుకుందాం, కొమ్మును పసిపిల్లల నోటికి దూరంగా ఉంచుదాం.

ఏ భాషలో?

తెలుగు కుటుంబాలను, ముఖ్యంగా అమెరికాలోనూ మన నగరాల్లోనూ ఉన్నవారిని బాగా దెబ్బతీసిన సలహా ‘ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లిష్ చాలు’ అన్నది. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. కెనడాలో 2003లో వచ్చిన అధ్యయనంలో భాషాలోపమున్న పిల్లల్లో ఇంగ్లిష్, ఫ్రెంచి రెండూ మాట్లాడేవారు ఒకే భాష మాట్లాడేవారి కన్నా వెనకబడి లేరు. డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లల మీద వచ్చిన అధ్యయనాలూ ఇదే చెప్పాయి. తెలుగు ఆపేసిన ఇంట్లో పిల్లవాడికి దక్కేది తల్లి అరకొర ఇంగ్లిష్, పోయేది అమ్మమ్మతో ముచ్చట. మాట కలపడం నేర్పాల్సిన పిల్లవాడికి మాట కలిపే మనుషుల్నే దూరం చేయడమన్నమాట.

ఇంగ్లిష్ కొలబద్దలను తెలుగుకు అంటగట్టడం ఇంకో చిక్కు. వాక్యంలో ఎన్ని మాటలున్నాయో లెక్కించి ఇంగ్లిష్ పిల్లల ఎదుగుదల కొలుస్తారు. మన పిల్లవాడు ‘వెళ్లాలనుకుంటున్నాను’ అన్నది ఒక్క మాటే, కానీ అందులో కోరిక, కాలం, చెప్పేదెవరో అన్నీ ఉన్నాయి. ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ తేడా పిల్లలకు ఏ వయసులో స్థిరపడాలో, క్రియ చివర ‘ను, వు, డు’లు ఎప్పుడు కుదురుకోవాలో తెలుగు పిల్లల నుంచే తేల్చాలి. లంబాడీ, గోండీ, కోయ, సవర ఇంటిభాషగా ఉన్న పిల్లవాడిని తెలుగులో పరీక్షించి ‘భాష లేదు’ అని తేల్చడం కూడా ఇదే తప్పు.

ఎదిగే వయసులో

మాట ఇబ్బంది బాల్యంతోనే పోదు. పదిహేనేళ్లకు అది పాఠం అర్థం కాకపోవడంగా, స్నేహాలు నిలవకపోవడంగా, తరగతిలో లేచి చదవమంటే కడుపునొప్పిగా రూపం మార్చుకుంటుంది. బ్రిటన్‌లో యువ నేరస్థుల కేంద్రాల్లో చేసిన పరిశీలనల్లో సగానికి మించినవారి భాషా నైపుణ్యం సగటు కన్నా తక్కువగా కనిపించింది. భాష తక్కువైతే నేరం చేస్తారని దానర్థం కాదు. తన తరఫు మాట చెప్పుకోలేని కుర్రవాడికి బడిలోనూ పోలీసు స్టేషన్‌లోనూ రక్షణ తక్కువని దానర్థం. ఈ వయసులో వారు వారానికోసారి అక్షరాలు పలికే సాధనను కోరుకోరు. పరీక్షలో అదనపు సమయం, ఇంటర్వ్యూలో ఓపికగా వినే మనిషి, తనలాంటి వారి తోడు కావాలి. 2008లో మొదలైన ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ వంటి స్వయంసహాయ బృందాలు నత్తి దాచుకోకుండా మాట్లాడటమే గెలుపని నేర్పుతున్నాయి.

చట్టం, వ్యవస్థ

ఈ పిల్లలకు సాయపడే వ్యవస్థ కాగితం మీద చిన్నదేమీ కాదు. మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వచ్చింది. హైదరాబాదీ అయిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబైలో జాతీయ సంస్థ ఏర్పడింది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి, జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి.

గొలుసు తెగేది మధ్యలో. మన్యం పల్లె నుంచి జిల్లా కేంద్రానికి వారానికి రెండుసార్లు బిడ్డనెత్తుకు రావడం ఏ కూలి తల్లికీ సాధ్యం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, మాట–భాష వైకల్యం వాటిలో ఉంది. కానీ దాని నిర్వచనం స్వరపేటిక తొలగించడం, పక్షవాతం వంటి వాటితో మాట పడిపోవడం లాంటి శాశ్వత శారీరక, నాడీ కారణాల చుట్టూ అల్లింది. కారణం కంటికి కనపడని భాషాభివృద్ధి లోపమున్న పిల్లవాడు ఆ గీతకు బయటే ఉండిపోతాడు. వైకల్య ధ్రువీకరణ పత్రం ఇచ్చే సదరం శిబిరంలో అతను ఏం చెప్పుకుని నిలబడాలి?

చేయవలసింది ఆధారాల నుంచే కనబడుతోంది. ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో వినికిడి పరీక్ష జరగాలి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు గోవా ప్రయోగం తరహాలో శిక్షణ ఇవ్వాలి. థెరపిస్టు నెలకోసారి మండలానికి వచ్చి, పిల్లవాడితో పాటు తల్లికీ టీచర్‌కీ నేర్పాలి. మధ్య వారాల్లో ఫోన్ వీడియోతో చూసుకోవచ్చు. తెలుగు పిల్లల మాటల మీద తెలుగులోనే పరిశోధన జరగాలి.

చిన్నపిల్లవాడి చేతిలోని బొమ్మకారును చూసి అమ్మ ‘బండి’ అంటుంది. అని ఆగుతుంది. పది సెకన్లు గడుస్తాయి. అతను తలెత్తి ఆమె ముఖం చూస్తాడు. మాట ఇంకా రాలేదు. కానీ ఆ చూపుతో అతను మాట కలిపాడు. ఆ చూపును గుర్తుపట్టే కన్ను ప్రతి ఇంట్లో, ప్రతి అంగన్‌వాడీలో తయారుచేయడమే స్పీచ్ థెరపీ అసలు పని.